తిరగేసిన కే

వారమంతా అహ్మదీల, టైమ్ ఆఫీసుల
మనుషుల గంటలు రాస్త.
శుక్రవారం పొద్దుగూకంగ
గొట్టాల యార్డు వెనుక మైదానంల
బేస్‌బాల్ లెక్కలు రాస్త.
పెన్ను అదే. బుక్కు వేరు.

మొదటిసారి క్రికెట్ అనుకొని పోయిన.
బ్యాటు రోకలి లెక్క గుండ్రంగ ఉంటే నవ్విన.
పైపుల ఇంజినీరు ఇషిమురా పక్కన కూసోబెట్టుకొని
గడులు నింపుడు నేర్పిండు.
కొట్టి బేస్ ఎక్కితే ఒక గీత.
నాలుగు తప్పు బంతులు ముట్టకుంట ఒదిలిపెడితే
ఊకెనే మొదటి బేస్‌కు నడక, దానికింకో గుర్తు.
మూడో స్ట్రయిక్‌ను ఊపకుంట సూసుకుంట ఔటైతే
కే అక్షరం రాయాలె, తిరగేసి,
అద్దంల మొఖం లెక్క.

మా టీముల రొడెల్ ఉన్నడు, వెల్డరు.
ఆయన కొడితే బంతి కంచె దాటి
నీళ్ళ ట్యాంకర్ల తొవ్వల పడుతది.
బిర్యానీ పొట్లం ముందుగాల ఆయనకే.
లీటో ఉన్నడు, ఏసీ మెకానిక్కు.
మోకాళ్ళు వంచి నిలవడ్తడు.
ఊపడు. సూస్తడు. మళ్ళ సూస్తడు.
ఎండుచేప అని పేరు పెట్టిన్రు, వాళ్ళ మనీలా దోస్తులే.

రంజాన్ నెల ఆట బందు.
మంచం మీద బుక్కు తెరిసి కూడిన.
రొడెల్ నలభై సార్లు దిగిండు:
దెబ్బలు పన్నెండు, నడక ఒక్కటి.
లీటో గూడ నలభయ్యే:
దెబ్బలు ఆరు, నడకలు పది.
అందరు సూసేటియి దెబ్బలే.
నేను ఇంకో తీరుగ అడిగిన,
ఔటు గాకుంట బేస్ ఎక్కింది ఎన్నిసార్లు?
రొడెల్ పదమూడు. లీటో పదహారు.
వందకు ముప్పై రెండున్నర. వందకు నలభై.
క్యాలిక్యులేటరు మీద నమ్మకం లేక
వేళ్ళ మీద గూడ కూడిన.

గాలి లెక్క గూడ తీసిన.
దుమ్ముగాలి వెనుకనుంచి తోసిన రోజులల్ల
రొడెల్ దెబ్బలు ఏడు.
అండ్ల గాలి కూలి ఎంత?
నడకకు గాలి సాయం లేదు.

నా టైమ్ షీటుల
నిలవడ్డ గంటలకు గడి లేదు.
గేటు కాడ కార్డు కోసం, బస్సు కోసం,
పొద్దుగాల నాలుగింటి నుంచి నిలవడ్డయి.

దెబ్బలన్నిటికీ ఒక్కటే ధర కాదు అన్నడు ఇషిమురా.
కంచె దాటినదానికి ఎక్కువ కట్టాలె.
కట్టిన. తేడా తగ్గింది, పోలే.
నలభై సార్లు సాలవు అన్నడు మళ్ళ,
నాలుగు వందలన్న గావాలె.
సారూ, ఈడ నాలుగు వందల సార్లు
నిలవడేటంత వీసా ఎవలకున్నది?

ఫైనల్ నాడు
ఇద్దరు నైట్ షిఫ్టు నుంచి లేటుగ వచ్చి బెంచీ మీద ఉన్నరు.
ఆఖరు ఇన్నింగ్స్, ఒక్క రన్ను తక్కువ,
రెండు ఔట్లు, బేస్‌ల మీద ఇద్దరు.
కెప్టెన్ డొమింగ్ నా దిక్కు తిరిగిండు:
పోసీ, గాలెట్లున్నది?
గాలి లేదు. లీటోను పంపు అన్న.

మూడు తప్పు బంతులు. రెండు స్ట్రయిక్‌లు.
తరువాతది మోకాలు అంచుకు వచ్చింది,
లోపలనా బయటనా దేవునికెరుక.
అంపైరు చెయ్యి లేసింది.
బ్యాటు లీటో భుజం మీదనే ఉన్నది.

బస్సుల నాతోని ఎవలు మాట్లాడలే.
రొడెల్ కిటికీకి తలపెట్టి పండుకున్నట్టు చేసిండు.
నేను గడిల కే తిరగేసి రాసిన,
ఒకటికి రెండుసార్లు దిద్దిన.
లెక్క తప్పలే.
వందకు నలభై అంటే
వందకు అరవై గూడ అదే కాయితం మీద ఉంటది.
ఆ సగం నేను సదివి సెప్పలే.

ఆదివారం లీటో నిచ్చెన తెచ్చుకొని
మా ఆఫీసు ఏసీ విప్పిండు.
ఇప్పుడు నేనెంత? అని అడిగిండు, తల దించకుంట.
నలభై ఒకటిల పదహారు.
వందకు ముప్పై తొమ్మిది.
ఒక్కటే తగ్గిందా అన్నడు,
జాలీల దుమ్ము
నా బుక్కు మీద దులుపుకుంట.