జనాభా లెక్క

మా ఊరికి మూడు వైపులా మిరపచేలు,
నాలుగో వైపు కాలవ. నీళ్లు రానన్నాళ్లూ
గుంటూరు యార్డుకి టిక్కీలు పోయే దారి అదే.

చరిత్రా ఉంది: రేవులో బోర్లా పడి
వందేళ్లుగా బట్టల దెబ్బలు తింటున్న శాసనం రాయి.
ఏ రాజు ఏం దానమిచ్చాడో
కోటమ్మ సబ్బునురగకే తెలుసు.

ఫిబ్రవరిలో తలుపు తలుపుకీ సుద్దతో నెంబరేశాను.
ఆరువేల నాలుగొందల పన్నెండు.
ఘాటుకి తుమ్ముతూ రెండుసార్లు కూడిక చేశాను.

చేనిగట్టు మీద పట్టాల గుడిసె.
కోసిగి నుంచి కోతకొచ్చిన ఉరుకుందమ్మ అడిగింది:
"మాకు తలుపు లేదు గదా సారూ,
నంబరు యాడేస్తావు?"

ఒళ్లో తొమ్మిది రోజుల పిల్ల.
పుట్టినచోటు గడిలో మా ఊరి పేరే రాశాను.

సాయంత్రం చూస్తే
జేబులో సుద్దముక్క ఎర్రబడి ఉంది.