వంగని మనిషి

చౌటుప్పల్ పశువుల దవాఖాన వెనక
మందుల అట్టపెట్టెల సందున
పదకొండు రోజులు దాక్కున్నదట.
జంగయ్య చెప్పిండు:
"క్రషర్ కాడ దొరికింది. మెడకు బైండింగ్ వైరు.
కత్తిరిస్తుంటే కరువలే, మొరగలే,
ఉచ్చ పోసుకున్నది, అంతే.
తీస్కపోతే తీస్కపో గానీ
కొన్నొద్దులు ముద్దు చెయ్యకు."

ఆదివారం, ఖాళీ స్కూలు వ్యానుల
ఆఖరి సీటు కింద పండుకొని
మర్రిగూడ దాక వచ్చింది.
అద్దంల నాకు తోక కొస ఒక్కటే కనబడ్డది,
ఎవరో పిల్ల మరిచిపోయిన రిబ్బను లెక్క.

మొదటి వారం మా ఇంట్ల కుక్క లేదు.
కుక్క ఉన్న గుర్తులున్నయి.
తెల్లారేసరికి బొచ్చె ఖాళీ.
గోలెం పక్క తడి మన్నుల కాళ్ళ అచ్చులు.
పాలబండి చప్పుడైతే
బత్తాయి సంచుల వెనక ఏందో కదిలేది.
మైసయ్య బిడ్డ పెండ్లి పత్రిక పట్టుకొని వచ్చిండు,
"కుక్కను తెచ్చినవంట, ఏదిరా?" అన్నడు.
చూపెడదామంటే నాకే దొరకలే.
"హారన్ లేని వ్యాను కొన్నవు పో" అని నవ్విండు.

నేను చెయ్యనిది లేదు.
గుడ్డు ఉడకబెట్టిన.
సెల్లుల చూసి నేర్చుకొని
దాని కండ్లల్లకు చూడకుంట పక్కకు తిరిగి కూసున్న.
మోతి అని పిలిచిన, బంటి అని పిలిచిన,
ఏ పేరునూ అది తనదనుకోలే.
బొచ్చె పెడుదామని వంగుతనో లేదో
అది మాయం.

నాకు తెలువనీకె ఇంకో వారం పట్టింది.
వంగుడే తప్పు.
చేతిల అన్నమే ఉండనీ,
దాని లెక్కల మనిషి వంగిండంటే
రాయి కోసమే.

మా పెద్దక్క ఈదమ్మ వంగదు.
వంగక ఇరువై ఏండ్లు.
చేదబాయి ఎండి బోరింగు పడ్డ కాడి నుంచి
తాగిన నీళ్ళు తాగినట్టే
బొక్కలల్ల గడ్డకట్టినయి.
పక్కకు చూడాల్నంటే మనిషంత తిరగాలె.
ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్ళొస్తున్నయి.
"కొత్తయి వచ్చినయి సరే,
పాతయి ఎప్పుడు పోతయిరా?" అంటది.
కిందపడ్డ సూదికీ, వక్కపలుక్కూ
"ఒరే, గది తీసియ్యి" అని
అడుక్కునుడుతోనే ఆమె పొద్దు పోతది.

ఆమె కుక్కను ఒక్కపారి కూడ పిలువలే.
ఆ పొద్దు అరుగు మీద
కట్టె లెక్క కూసొని జొన్నరొట్టె తింటుండె.
ముక్క జారి పడ్డది.
తీసియ్యనీకె ఇంట్ల ఎవ్వలం లేం.
ఆమె రొట్టె దిక్కు చూసింది. వంగలే.
సంచుల వెనకకెళ్ళి రెండు కండ్లు చూసినయి.
ఆమె వంగలే.
ఎంతసేపు గట్లున్నరో తెలువదు, ఆమె చెప్పదు.
నేను వచ్చేసరికి ముక్క లేదు.
ఆమె చీరంచుకు ఆనుకొని ఒక మూతి,
మీసాలకు పిండి.
"చప్పుడు చెయ్యకురా" అన్నది మెడ తిప్పకుంట.
తిప్పరాదు కూడ.

ఇగ మా ఇంట్ల ఎవ్వలం వంగుతలేం.
చెప్పులు కూసొని తొడుక్కుంటున్నం.
మా ఇంటామె చీపిరిని పొడుగు కట్టెకు కట్టింది.
పోరడు బాలు కిందపడ్డా
కుక్క అటు మళ్ళేదాక ఆగుతున్నడు.
"అక్క రోగం ఇల్లంత అంటిందిరో" అన్నడు మైసయ్య.
నాకు కోపమొచ్చింది.
అక్క నవ్వింది.
ఆ రోగం మాట మీద ఆమె నవ్వంగ
నేను ఎన్నడూ చూడలే.

నిన్న పొద్దూకి వ్యాను తాళాలు జారినయి.
మరిచిపోయి
వంగిన.
అది బీరిపోయి ఎగిరి దుంకింది.
గేటు బార్లా తెరిచే ఉండె,
ముంగటనే రోడ్డు ఉండె.
అది ఇంట్లకు ఉరికింది,
అక్క మంచం కిందికి.