వేలిముద్రలు

ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు,
రానూపోనూ టికెట్టు, పోలండ్ వాళ్ల పిలుపు కాగితం,
అన్నిటికీ గుంటూరు యార్డు ఘాటే.
బెజవాడ కౌంటర్లో అమ్మాయి రెండుసార్లు తుమ్మి
"తొమ్మిది రోజులకేనా?" అంది.
తొమ్మిదికే తల్లీ,
పదోనాడు తేజా లాట్లు దిగుతాయి.

తిరిగొస్తాననడానికి ఆధారం అడిగింది.
కోల్డ్ స్టోరేజీ రసీదులిచ్చాను.
సుభానీ టీకొట్లో నా బాకీ
ఏ గడిలో రాయాలో తెలీలేదు.

గాజు మీద వేళ్లు పెట్టమంది.
మళ్లీ. తుడుచుకుని మళ్లీ.
ముప్పయ్యేళ్లు తువ్వాలు కింద
మాటన్నది లేకుండా క్వింటా ధర తేల్చిన వేళ్లు,
కళ్లు మూసుకుని పట్టుకున్నా
ఏ షావుకారైనా "మస్తాన్‌వలీ" అనేస్తాడు.
యంత్రానికి అందలేదు.

చివరికి ఆ పిల్లే
నా వేళ్లు పట్టి నొక్కింది.
పచ్చదీపం వెలిగింది.
వద్దమ్మా అనేలోపే
అదే చేత్తో కన్ను నులుముకుంది.