చాటల వాన

టికెట్టు ముప్పై. మా కొమురవ్వత్త బేరమాడింది.
"బొమ్మ ఆడకుంటనే గిన్ని పైసలా?"
కౌంటర్ల పిలగాడు నవ్వి ఇరవై తీసుకున్నడు.

హన్మకొండల ఒకప్పటి టాకీసే ఇది.
నేల టికెట్టు జాగల ఇప్పుడు నున్నటి టైల్సు.
"ఈడనే, మీ మామ పల్లీల పొట్టు ఊదిన కాడ" అని
కాలితోని ఒక మూల తడిమి చూసింది.

ఆకుపచ్చ గుడ్డ ముందట నిలవెడితే
తెర మీద మంచుకొండల నడుమ తేలింది.
"సలి పెడ్తలేదు" అని పక్కకు జరిగింది.
ఇంకో గదిల పిడి తిప్పుతే గుర్రం ఉరుకుతది.
నేను నడుమ ఆపిన.
నాలుగు కాళ్ళూ గాలిల.
"దించురా, పాపం."

ఆఖరి గది చప్పుళ్ళది.
గుర్రాలకు కొబ్బరి చిప్పలు,
ఉరుముకు రేకు ముక్క,
దొంగ నడకకు పాత తోలు చెప్పులు.
గోడ మీద మూగబొమ్మ ఆడుతున్నది:
ఎర్ర చెలక, మబ్బు, చూరు కింద ఎవరో ఒకామె.
గైడు పిల్ల రుచిత చాటల కందులు పోసి
"వాన కురిపియ్యి పెద్దమ్మా" అన్నది.

ముందుగాల నేనే.
మైకుల ఇంటే
కందులు చెరిగినట్టే ఉన్నది.

అత్త కొంగు నడుముకు దోపింది.
చాటను చెరగలే, కొట్టలే.
ఒక దిక్కు వంచి, ఊపిరి బిగవట్టి, ఇడిసింది.
మొదలు తాటాకు మీద నాలుగు చినుకులు
తర్వాత జొన్న చేను మీద
ఆ తర్వాత పక్కోని మాట ఇనరానంత.
ఏసీ గదిల మెడలన్నీ పైకి లేసినయి.
నేను చెయ్యి చాపిన, నిజంగనే.

సగం బొమ్మల ఆపింది.
తెర మీద వాన పడుతనే ఉన్నది, చప్పుడు లేకుంట.
"ఇంకా రెండు నిమిషాలున్నది పెద్దమ్మా."
"ఉండనీ బిడ్డా.
మాకా యేడు గింతే పడ్డది."

రుచిత కొంచెం సేపు ఏమనలే.
మిషన్ల పేరు అడుగుతున్నది, దాచిపెట్టాల్నంటే.
"నా పేరెందుకు, వాన పేరు రాయి.
మిరుగు.
పక్కకు సగం అని రాయి."
కింద పడ్డ కందులు ఒక్కొక్కటి ఏరి చాటల ఏసింది,
మ్యూజియమోళ్ళయే అయినా.

మెట్లు దిగుతుంటే
మా ఎనుక బడి పిల్లలెవరో బటను ఒత్తిన్రు.
తాటాకు మీద నాలుగు చినుకులు.
బయట మిట్టమధ్యాహ్నం, ఎండ పెళపెళ.
అత్త వంగి
చెప్పులు చేతిల వట్టుకున్నది.