వల లేని రింగు

పదకొండు ఆటలాడాం. పదకొండూ పోయాయి.
పన్నెండోది వానకి ఆగిపోతే
దాన్ని గెలుపు ఖాతాలో రాసేశాడు మా లెక్కల పోలారావు.
ఎవరూ కాదనలేదు.

సందెవేళ, పర్లాకిమిడిలో,
కొమ్ము దువ్వెనల దుకాణం అరుగు మీద మేం అయిదుగురం.
ఆడేవాళ్ళూ అయిదుగురే అనుకోండి,
కాకపోతే మాకు ఆయాసం రాదు.

ఆకురాయి పక్కన పెట్టి నీలాద్రి మహారణా అంటాడు:
"ఈపాలి డ్రాఫ్టులో మొదటి పిలుపు మనదే గదా."
మనదే. అట్టడుగున ఉన్నవాడే ముందు కోరుకోవాలని
లీగు పెద్దలు పెట్టిన ధర్మం.
డ్రాఫ్టన్న మాట మొన్నమొన్న వచ్చింది.
అంతకుముందు పంపకాలనేవాళ్ళం,
అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు.
చివర్లో ఎవరో ఒకరు ఏడ్చేవారు కూడా.

"గుణుపురం గుంటడిని తెద్దాం. ఆరడుగుల అయిదంగుళాలు!"
"పొడుగైతే సరిపోద్దేటి?
కరెంటు స్తంభమూ పొడుగే, దానికి బంతిచ్చి సూడు."
"స్తంభం కనీసం నిలబడుంటాది గదరా,
మనోళ్ళకి అదీ సేతకాదు."

ఎలీషా రైతా పేరెత్తింది టీ తెచ్చిన సుబద్ర.
గుమ్మా కొండల మీది సవర పిల్లడు,
అయిదున్నర అడుగులు దాటడు.
"పొద్దున్నల్లా జీడితోటలో పిక్కలేరి,
ఆట ఏళకి దిగొచ్చి
నాలుగు క్వార్టర్లూ పరిగెట్టి
మళ్ళీ ఆ సైకిలు మీదే ఎల్లిపోనాడు. నాను సూసాను."
మేం టీ బాగుందన్నాం.
ఆమె గ్లాసులు లెక్కపెట్టుకొని వెళ్ళిపోయింది.

అసలు బాధ వాసుదేవ్ బెహరా.
మాఘంలో అతని బాండు తీరిపోతుంది.
బరంపురం వాళ్ళు స్కూటరిస్తామన్నారట,
పట్టుబట్టల కొట్లో కూర్చునే పనిస్తామన్నారట.
మా దగ్గరేముంది?
ఆట రోజున పప్పూ అన్నం,
పుట్టినరోజుకి నీలాద్రి చెక్కిన కొమ్ము కొంగ.
"మూడు కొంగలయిపోనాయి ఆడింట్లో," అన్నాడు పోలారావు,
"కొంగల్ని సూసి ఎవుడుంటాడు?"
నీలాద్రి ఆకురాయి మళ్ళీ చేతికి తీసుకున్నాడు.
కాసేపు గీకుడు చప్పుడే.

ఇక గురి సంగతంటారా,
అందరికన్నా గురి ఉన్నవాడు ఏటికి అవతల ఉన్నాడు, పాతపట్నంలో.
రోజూ మా కోర్టులోనే విసిరిపోతాడు.
చెయ్యి ఇక్కడిది, ఆధారు అక్కడిది,
లీగు ఒప్పుకోదు.
వేసవిలో మహేంద్రతనయ
మోకాలి లోతు కూడా ఉండదు.
పాయింట్లు ఒడియాలో లెక్కపెడతాం,
తిట్టడం తెలుగులో,
మొక్కులు మాత్రం ఎవరికి ఏది అందితే అందులో.

"గుణుపురమే."
"గుణుపురం వద్దు, ఆడు బంతొస్తే కళ్ళు మూసుకుంటాడు."
"మన తవిటయ్యనే ఇంకో ఏడాది..."
"ఆడి మోకాలికి సెలవిచ్చీరా నాయనా!"

ఎనిమిదింటికి కరెంటు పోయింది.
వీధి అవతల కోర్టులో ఎవడో ఇంకా ఆడుతున్నాడు.
నేల మీద బంతి. టప్పు. టప్పు.
ఆగింది.
విసిరాడు కాబోలు.

ఆ రింగుకి వల లేదు, రెండేళ్ళ కిందట కోతులు పీకేశాయి.
అందుకని తిన్నగా పడ్డా చప్పుడుండదు,
బొత్తిగా తప్పినా ఉండదు.
చీకట్లో మేం అయిదుగురం
ఊపిరి బిగబట్టి ఉన్నాం.
బంతి నేలకి దిగింది.

"పడింది," అన్నాడు నీలాద్రి.
"ఎక్కడ పడింది, పోనాది."
"పడిందిరా. ఆ సప్పుడు పడ్డదాని సప్పుడే."
"ఎవుడాడు? ఏ ఊరోడు?"
"బాండుందేటి ఆడికి?"

పోలారావు అగ్గిపుల్ల గీసి
ఖాతా పుస్తకం తెరిచాడు.
రెండు పాయింట్లు రాయాలా వద్దా అని
మా మొహాల్లోకి చూస్తున్నాడు,
పుల్ల వేలిదాకా కాలుతున్నా.