మెట్ల లెక్క

సూర్యారావుపేట డాక్టరు
ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి పట్టి
"గుజ్జు అరిగిపోయింది మీరావలీ,
ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి" అన్నాడు.

బరువు తగ్గించమన్నాడు.
ఏ బరువు సార్, అనడిగాను.
ఇరవై రెండేళ్ళు భుజమ్మీద గ్యాస్ బండ,
మొగల్రాజపురం కొండ మీది ఇళ్ళకి.
నవ్వి, నా పొట్ట చూపించాడు.

కుర్చీలో కూచుని కాలు చాపి
పది లెక్కపెట్టి దించాలట, రోజూ.
నొప్పి ఆగకపోతే సూదిమందు.
దానికీ లొంగకపోతే
మోకాలు మార్చడం, అప్పుడు చూద్దాం.
మెట్లు మాత్రం ఎక్కకు.

మా ఇల్లు నూట అరవై ఏడో మెట్టు.

బయట ఫిజియో అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది:
ఎక్కేప్పుడు మంచి కాలు ముందు బాబాయ్,
దిగేప్పుడు నొప్పి కాలు ముందు.

కొండ కింద, కొత్త కుర్రాడు
నిండు బండతో నన్ను దాటి పరుగున పోయాడు.
మలుపులో ఆగరా, అన్నాను.
వినలేదు. నాకూ ఎవరో చెప్పే ఉంటారు.

మంచి కాలు. రెయిలింగు. రెండోది.
నలభయ్యో మెట్టు మీద కూలబడి
కాలు చాపి లెక్కపెడుతున్నాను.
ఏడు దగ్గర
పైనుంచి కాశింబీ కేక:
పెరుగు ప్యాకెట్ తెచ్చావా?

తేలేదు.
నొప్పి కాలు ముందు.