బోలు చప్పుడు

కచానా గోడని చూడదు, వింటుంది.
చూపుడువేలు మడిచి
సంతలో పుచ్చకాయ ఎంచుకునేవాళ్ళలా
కణుపుతో రెండు దెబ్బలు కొట్టి
చెవి ఆనిస్తుంది.

బుర్కినా ఫాసో దక్షిణపు కొస. ఏప్రిల్.
మేకలు నీడతో పాటు జరుగుతున్న మధ్యాహ్నం.
బడిపంతులు బసోలె కిందటేడు అప్పు చేసి
తాతలనాటి మట్టిగోడకి సిమెంటు తొడిగించాడు.
"ఇక ఏటేటా పూత పని లేదు పిన్నీ" అన్నాడు.
ఆమె ఔననలేదు, కాదనలేదు.
తన పేడతట్ట తను ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆయనది తప్పని నేననను.
నేనూ ఈ ఊళ్ళో నీళ్ళు మోసినదాన్నే.
ఆరు గోడలు, ఇరవై తట్టల పేడ, వంగిన నడుములు.
భార్య కుడిభుజం పైకి లేవని ఏడాదే
ఆయన సిమెంటు బస్తాలు దింపించాడు.

ఇవాళ ఆ గోడ
అడుగున, మోకాలెత్తున,
డప్పులా మోగుతోంది.

"తడి లోపల చిక్కింది" అంది కచానా.
"వానకి తాగింది ఎండకి వదలాలి మట్టి.
నువ్వు దాని ముక్కు మూశావు."

బాడిసె మొన దూర్చగానే
సిమెంటు పెచ్చు అప్పడంలా విరిగింది.
వెనక మా తాతలు తొక్కిన మట్టి
నానిన అటుకుల ముద్దయి
వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.
పంతులు చాలాసేపు చెయ్యి కడుక్కోలేదు.

ఎర్రమన్ను, గడ్డిపరకలు, పేడ
మూడు రోజులు పులిశాయి.
నాలుగోనాడు పదకొండుమందిమి తొక్కాం.
మడమల కింద ముందు కరుకు, తర్వాత వెన్న.
నెరె కాయల తొక్కలు ఉడికించిన కషాయం
గిన్నెకోడి ఈకతో పులిమితే
గోడ కొత్త తోలు కప్పుకుంది.

ఇది మూరెడు మందం గోడ.
మధ్యాహ్నం బయల్దేరిన ఎండ
దీన్ని దాటి లోపలికి వచ్చేసరికి
అర్ధరాత్రి అవుతుంది.
అప్పటికి ఇంట్లో దానికెవరూ దొరకరు.
అందరం మిద్దె మీద ఉంటాం,
చుక్కల కింద, చాపల మీద.

"ఎన్నాళ్ళుంటుంది?" అడిగాడు పంతులు.
"రెండు వానలు. తర్వాత పిలువు."
"నువ్వు లేకపోతే?"

ఆమె జవాబు చెప్పలేదు. నడుం పట్టేసిందనుకుంటా,
గోడకే జారబడి కూర్చుంది.
పంతులు కూతురు అపియో వేలు తీసుకుని
మడిచి, పొడిగోడ మీద ఒకసారి,
ఆ పక్కన విప్పని సిమెంటు మీద ఒకసారి
కొట్టించింది.

ఆ సాయంత్రం నుంచి ఆ పిల్ల
కుండని కొట్టింది, బడి తలుపుని కొట్టింది,
ఈనబోయే ఆవు పొట్టని కొట్టి తన్నించుకుంది.
మిద్దె మీద నిద్రపోతున్న నాన్న నెత్తి మీద
రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి,
నా వైపు తిరిగి
మెల్లగా తల అడ్డంగా ఊపింది.